వెనక గేటు అలారం

నవంబరు 3, సోమవారం

నీళ్ల మోటారు పోయింది. వెనక పెరట్లో గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద ఉండేది. ఇప్పుడు దిమ్మ ఒక్కటే మిగిలింది. బోల్టులు విప్పి, వాటిని పక్కన వరసగా పేర్చి మరీ వెళ్ళాడు. శుభ్రత తెలిసిన దొంగ.

పోయిన ఏడు మా ఆయన ముచ్చటపడి పెట్టించిన లైటు సరిగ్గా దాని పైనే ఉంది. మనిషి కదిలితే దానంతట అదే వెలుగుతుంది, దొంగ హడలిపోయి పారిపోతాడు అని అప్పుడు నాకు పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. వెలిగే ఉంటుంది. ఆ వెలుతుర్లో ఏ బోల్టు ఎటు తిప్పాలో హాయిగా చూసుకుని ఉంటాడు. దొంగగారికి టార్చి పట్టుకునే శ్రమ తప్పించాం అన్నాను. ఆయన నవ్వలేదు. ఇప్పుడు ఆ లైటుకి అలారం కూడా తగిలిస్తారట. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని ఊరికే అన్నారా.

పొద్దున్న పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. ఈ ఇంట్లో క్రెష్ పెట్టిన ఇన్నేళ్ళలో ఒక చెంచా కూడా పోలేదు. పిల్లలున్న ఇంటికి దొంగ రావడమేమిటని ఒకరిద్దరు మొహాలు మాడ్చుకున్నారు. నాకూ మనసు బాగోలేదు. మోటారు గురించి కాదు, వాడు గేటు తెరుచుకుని వచ్చాడంటే ఎవరైనా రావచ్చు, ఎవరైనా పోవచ్చు.

నవంబరు 5, బుధవారం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. లైటు కింద అరచేతి అంత తెల్ల డబ్బా బిగించాడు. లైటు వెలిగినప్పుడల్లా అదీ మోగుతుంది. లైటు అడుగున చిన్న మర ఉంది. దానికి ఒక చివర సూర్యుడి బొమ్మ, ఇంకో చివర చంద్రుడి బొమ్మ. చంద్రుడి వైపు తిప్పితే చీకటి పడ్డాకే పనిచేస్తుంది, సూర్యుడి వైపు తిప్పితే పగలూ రాత్రీ పనిచేస్తుంది. నేను సూర్యుడి వైపే తిప్పమన్నాను. దొంగ సంగతి తర్వాత, పిల్లలు గేటు దగ్గరికి వెళ్తే నాకు తెలియాలి. గేటు అవతల సందు, సందు చివర పెద్ద రోడ్డు. పెరట్లో ఆడుకుంటున్నంత సేపూ మోగకుండా లైటు కన్నుని గేటు వైపే వంచి పెట్టాడు.

తర్వాత గేటు ముందు అటూ ఇటూ నడిచి చూపించాడు. లైటు వెలిగింది. డబ్బా మీద ఎర్ర చుక్క మిణుకుమిణుకుమంది. మా ఆయన మొహం చిట్లించారు. ఎక్కడో పక్కగదిలో దోమ ఎగిరినట్టు ఏదో సన్నగా వినపడింది. అంతేనా అన్నాను. ఎలక్ట్రీషియన్ నా వైపు వింతగా చూశాడు. ఈ కాలం వస్తువులన్నీ ఇంతే, పేరు గొప్ప ఊరు దిబ్బ.

సాయంత్రం తల్లులకీ తండ్రులకీ అందరికీ చెప్పాను, ఇక మీదట గేటు దగ్గరికి పిల్లి వెళ్ళినా నాకు తెలుస్తుందని. మందుల షాపు అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళ పాప నడక నేర్చిన దగ్గర్నుంచీ తలుపు కనపడితే చాలు, అటే పోతుంది.

నవంబరు 6, గురువారం

అలారం మోగలేదు.

నవంబరు 8, శనివారం

సగం రోజే కాబట్టి ఇల్లు తొందరగా ఖాళీ అయింది. కూర్చుని రాయడానికి తీరిక దొరికింది.

మందుల షాపు అమ్మాయి కూతుర్ని వాళ్ళింట్లో పిచ్చుక అని పిలుస్తారు. ఎందుకో నాకు అంతుబట్టదు. పిచ్చుక అంటే కిచకిచలాడాలి. ఈ పిల్ల నా దగ్గర మూగనోము పట్టినట్టు ఉంటుంది. పెదాలు కదుపుతూ తనలో తనే ఏదో అనుకుంటుంది. నా మొహంలోకి చూస్తుంది. నేను నవ్వితే తనూ నవ్వుతుంది. ఏదో అడుగుతున్నట్టు అనిపిస్తే, సరే తల్లీ అంటాను. పిల్లల్ని ఊరికే కాదనకూడదన్నది మొదట్నుంచీ నా పద్ధతి. కాదు, వద్దు అనేవాళ్ళు ప్రపంచంలో కావలసినంత మంది ఉన్నారు.

పొద్దున్న వాళ్ళమ్మ, ఇంట్లో దీని నోటికి తాళం వెయ్యలేక చస్తున్నాం, మీ దగ్గరెలా ఉంటోంది ఆంటీ అని అడిగింది. కిమ్మనదమ్మా, బంగారు తల్లి అన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోతే నేనేం చెయ్యను. ఈ మధ్య పిల్లలంతా నెమ్మదించారు. పోయిన ఏడు వీళ్ళ గోలకి నాకు తల తిరిగిపోయేది, ఇప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో. కొట్టి తిట్టి పెంచితే రాదు ఇది, ఓపిక ఉండాలి.

ఇంకో ముచ్చట. పిల్లలకి నేను అమ్మమ్మని. నాతో ఏదైనా చెప్పాలంటే ముందు వచ్చి మోచెయ్యి లాగుతున్నారు. ఒకర్ని చూసి ఒకరు, అందరూ మరిగారు. ఎవరు నేర్పారో కానీ ముద్దుగా ఉంది.

నవంబరు 11, మంగళవారం

పక్కింటి వదిన గోడ మీద నుంచి దెబ్బలాటకి వచ్చింది. ఆవిడ కుట్టుమిషను వాళ్ళ వెనక కిటికీ పక్కనే ఉంటుంది. మా అలారం ఆవిడ చెవులు తినేస్తోందట. పొద్దున పిల్లి వచ్చి మోగించిందట, మధ్యాహ్నం ఇంకో పిల్లి వచ్చి మోగించిందట, ఉలిక్కిపడి ఎవరిదో చొక్కా చెయ్యి అడ్డంగా కుట్టేసిందట.

ఇంట్లో ఉన్న నాకు వినపడని శబ్దం గోడ అవతల ఆవిడకి ఎలా వినపడుతుంది? గోరంతని కొండంత చెయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. చొక్కా చెయ్యి వంకర పోయిందంటే అది ఆవిడ కంటిచూపు సంగతి. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను. రేపు పిల్లల దుప్పట్లు అంచు కుట్టించుకోవాలి కదా.

నవంబరు 14, శుక్రవారం

సాయంత్రం ఆయన పేపరు పక్కన పడేసి "మళ్ళీ మోగింది" అంటూ లేచి పెరట్లోకి వెళ్ళారు. పిల్లే అని తిరిగొచ్చారు. ఏమీ మోగలేదు. నేను పక్కనే ఉన్నాను, బియ్యం ఏరుతున్నాను.

నాకు ఇప్పుడు ఆయన గురించి బెంగ పట్టుకుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు ఇంజిను పక్కన కూర్చున్న మనిషి. చెవుల్లో ఏదో హోరు మొదలై ఉంటుంది. ఆ హోరునే అలారం అనుకుంటున్నారు. మా చిన్నప్పుడు ఒక పెద్దాయనకి ఇలాగే ఎప్పుడూ గంటలు మోగుతూ ఉండేవి. నాకైతే ఏ లోపమూ లేదు. ఆయన మాట వినపడుతుంది, రోడ్డు మీద లారీ వినపడుతుంది, తలుపు ధడాలున పడితే వినపడుతుంది. నేను చీమ చిటుక్కుమన్నా లేచే మనిషిని, అది లోకమంతా ఎరుగును.

ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి అని నెమ్మదిగా అన్నాను. కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూసి, సరే, ఇద్దరం వెళ్దాం అన్నారు. నేనెందుకు? తోడుకి అయి ఉంటుంది. వయసు మీద పడుతున్నకొద్దీ మగవాళ్ళు చిన్నపిల్లలైపోతారు.

నవంబరు 17, సోమవారం

ఎలక్ట్రీషియన్‌ని మళ్ళీ రప్పించాను. డబ్బా పనికిరాదు, గట్టిది పెట్టమన్నాను. ఇది బాగానే ఉందమ్మా అంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గోడలు మందం, కిటికీలు మూసి ఉన్నాయి అని ఏదేదో చెప్పబోయాడు. నేను వదల్లేదు. పిల్లల బాధ్యత నాది, నీది కాదు అన్నాను. ఆయనా వాడూ గేటు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆపేశారు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ చెరో దిక్కూ చూశారు.

చివరికి ఎర్రది, గిన్నె అంత ఉంది, పైన తిరిగే దీపం కూడా, అది తెచ్చి బిగించాడు. ఇంతకన్నా పెద్దది కావాలంటే ఫ్యాక్టరీకి పెట్టేది తేవాలట. గేటు ముందు నడిచి చూపించాడు.

ఇది వినపడుతోంది. బాగానే వినపడుతోంది.

నవంబరు 18, మంగళవారం

నిన్న నేను విన్నది అలారమో, పక్కింటి కుట్టుమిషనో.

నవంబరు 20, గురువారం

ఏం జరిగిందో వరసగా రాసుకోవాలి.

మధ్యాహ్నం పిల్లలు నిద్రలేచే వేళ. కొందరు లేచారు, కొందరు ఇంకా పక్కల మీద దొర్లుతున్నారు. ఆయన కూరగాయలకి వెళ్ళారు. నేను పెరటి తలుపుకి వీపు పెట్టి, లేచినవాళ్ళ దుప్పట్లు మడతపెడుతున్నాను. పిచ్చుక వచ్చి నా పక్కన నిలబడింది. తల నిమిరాను. వెళ్ళింది. నేను ఇంకో దుప్పటి తీసుకున్నాను.

తర్వాత పక్కింటి వదిన పెరట్లో నుంచి లోపలికి వచ్చింది. మెడలో టేపు, చేతిలో కత్తెర. పెదాలు గబగబా కదులుతున్నాయి. బాగా దగ్గరికి వచ్చాక గానీ ఆవిడ ఏమంటోందో అర్థం కాలేదు. అప్పట్నుంచీ మోగుతోంది, ఏం చేస్తున్నావు వదినా అంటోంది. పెరట్లోకి చూశాను. గేటు బార్లా తీసి ఉంది. దాని ముందు పిల్లల స్నానాల బకెట్ బోర్లించి ఉంది.

పిల్లల్ని చూసుకున్నాను. పిచ్చుక లేదు.

వదినని పిల్లల దగ్గర ఉండమని సందులోకి పరిగెత్తాను. సందు మధ్యలో చిన్న చెప్పు ఒకటి పడి ఉంది, అది తీసి పట్టుకున్నాను. రోడ్డు మీద బస్సులు, స్కూటర్లు, ఎప్పటిలాగే పోతున్నాయి. రోడ్డుకి అవతల మందుల షాపు. అక్కణ్ణుంచి ఆ అమ్మాయి పాపని చంకనెత్తుకుని వస్తోంది. అంటే పాప రోడ్డు దాటింది. ఒక్కతే దాటింది. ఎలా దాటిందో ఎవరూ చూడలేదు. కౌంటరు అంచు మీద చిన్న వేళ్ళు కనపడితే, ఎవరి పిల్లో అనుకుని ఆమె వంగి చూసిందట.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఇంట్లోకి వచ్చి, సంచిలో పాప బట్టలు సర్దుకుని, అప్పుడు అడిగింది.

"ఆంటీ, అలారం మోగలేదా?"

"మోగలేదమ్మా" అన్నాను.

పక్కింటి వదిన గుమ్మంలోనే ఉంది. నా వైపు చూసింది, ఏమీ అనలేదు. తర్వాత ఆయన వచ్చి, సంగతి విని, గేటుకి తాళం వేశారు.

నవంబరు 21, శుక్రవారం

పిచ్చుక రాలేదు.

అలారం మోగలేదు. మోగితే నాకు వినపడేది. వైరు వదులైపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యమని ఆయనకి చెప్పాను. వాడి వల్ల నిన్న ఒక పిల్ల ప్రాణం పోయేది. వాణ్ణి ఊరికే వదలను.

మోగితే వినపడేది.

నవంబరు 22, శనివారం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నేను తిట్టినవన్నీ కిమ్మనకుండా పడ్డాడు. నిచ్చెన వేసుకుని వైర్లు చూసి, అన్నీ బాగున్నాయమ్మా అన్నాడు. అయితే మోగించు అన్నాను. గేటు ముందుకి వెళ్ళి నడిచాడు.

లైటు వెలిగింది. ఎర్ర దీపం తిరగడం మొదలుపెట్టింది. నేను దాని కిందే నిలబడ్డాను. రోడ్డు మీద బస్సు పోయిన శబ్దం విన్నాను. మా ఆయన దగ్గు విన్నాను. చూశావా, మోగడం లేదు అందామని వెనక్కి తిరిగాను.

పెరటి గుమ్మంలో పిల్లలంతా నిలబడి ఉన్నారు. అందరూ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నారు. చిన్నవాడు ఏడుస్తున్నాడు, నోరంతా తెరిచి. వాడి ఏడుపు కూడా నాకు వినపడలేదు.

చాలు, ఆపు అన్నాను. బాగానే ఉంది అన్నాను. లోపలికి వచ్చాను.

నవంబరు 23, ఆదివారం

ఆయనకి చెప్పాను. తెలుసు అన్నారు.

నవంబరు 25, మంగళవారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, ఏదైనా వినపడితే మీట నొక్కమన్నారు. నేను బుద్ధిమంతురాలిలా చేతిలో మీట పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ రాలేదు. యంత్రం చెడిపోయిందేమో చెప్పి వద్దామని లేవబోయాను. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి మాత్రం ఏవో మీటలు నొక్కుతూనే ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. మళ్ళీ కూర్చున్నాను.

లావు శబ్దాలు బాగానే ఉన్నాయట, సన్నటివి పోయాయట. మగవాళ్ళ గొంతు, ఇంజిన్లు, తలుపుల చప్పుడు వినపడతాయి. పిల్లల మాటలు, ఈలలు, అలారాలు వినపడవు. ఒక్కరోజులో పోలేదు, మెల్లమెల్లగా పోయి ఉంటాయి అన్నాడు డాక్టరు. వెలుతురు తగ్గుతున్న గదిలో కూర్చున్నవాళ్ళకి చీకటి పడుతున్నట్టు తెలియదు కదా, అలాంటిదే ఇదీనట.

ఆయన చెవులు కూడా చూశారు. దివ్యంగా ఉన్నాయట. ముప్పై ఏళ్ళ కుర్రాడి చెవులు అన్నాడు డాక్టరు. ఈయన పొంగిపోయారు.

దారిలో అడిగాను, ఎప్పట్నుంచి తెలుసు అని. ఏడాది పైనే అన్నారు. మరి ఎందుకు చెప్పలేదు? రెండుమూడు సార్లు చెప్పారట. నేనే, నా చెవులకేం, మీ నోరే సరిగ్గా తిరగడం లేదు అన్నానట. అవును, అన్నాను. గుర్తుంది. ఆ తర్వాత ఆయన చెప్పడం మానేసి, నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ వయసులో ఈ సరసమేమిటా అనుకునేదాన్ని.

మోటారు పోయాక అలారం పెట్టిద్దామన్నది కూడా కొంత అందుకేనట. గట్టిగా మోగితే నీకే తెలుస్తుందనుకున్నాను అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. అలారం బదులు మనిషి చెప్పాలి కదండీ అన్నాను. నిజానికి ఆ కోపం ఆయన మీద కాదు. బస్సు దిగేదాకా ఆయన చెయ్యి వదల్లేదు నేను.

నవంబరు 28, శుక్రవారం

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళని కాసేపు కూర్చోమన్నాను. అందరూ ముందు గదిలో పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. చెప్పాను. నాకు పిల్లల మాట వినపడదు అని చెప్పాను. ఆ రోజు అలారం మోగింది, నాకు వినపడలేదు, మోగలేదని నేను అబద్ధం చెప్పాను అని కూడా చెప్పాను. చెవులకి యంత్రాలు చేయిస్తున్నారు, అవి వచ్చేదాకా క్రెష్ మూసేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. గొంతు వణికింది. వణికినట్టు గొంతులోనే తెలిసింది, చెవికి కాదు.

ఎవరూ తిట్టలేదు. కవలల తండ్రి మాత్రం లేచి, ముందే చెప్పాల్సింది అని, ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళు ఇక రారు, తెలుస్తూనే ఉంది. అతని మాటలో తప్పేమీ లేదు. ఇంకొకావిడ పాప దుప్పటి, గ్లాసు కూడా సంచిలో వేసుకుంది. మిగతావాళ్ళు చూద్దాం అన్నారు. చూద్దాం అంటే అర్థం నాకు తెలియనిదా.

అందరూ వెళ్ళాక పక్కింటి వదిన వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఆ రోజు నా నోరు మూసుకుపోయింది, మోగింది అని నేనైనా చెప్పి ఉండాల్సింది అంది. ఎందుకు చెప్పలేదని అడగలేదు నేను. ఇన్నేళ్ళ స్నేహం. మళ్ళీ తనే అంది.

"నా మిషను తెచ్చి మీ పెరటి తలుపు పక్కన వేసుకుంటాను. మా ఇంట్లో చోటు లేదు, నీకు చెవుల్లేవు. ఇద్దరికీ సరిపోతుంది."

చాలా రోజులకి నవ్వొచ్చింది.

డిసెంబరు 6, శనివారం

యంత్రాలు వచ్చాయి. చెవి వెనక చిక్కుడుగింజ అంత. పెట్టుకుని బయటికి రాగానే నా చెప్పుల చప్పుడుకి నేనే వెనక్కి తిరిగి చూశాను, ఎవరొస్తున్నారా అని. ఇంట్లో గడియారం ఇంత గోల చేస్తుందని మర్చిపోయాను. కాగితం మీద ఈ పెన్ను గీరుతున్న శబ్దం కూడా వినపడుతోంది. ఆయన అన్నం తింటుంటే చప్పుడు చేస్తారు. ఆ మాట ఇంకా ఆయనతో అనలేదు.

పెరట్లోకి వెళ్ళి, గేటు ముందు నడిచి చూశాను. చెవులు మూసుకున్నాను. పాపం, పక్కింటి వదిన ఇన్నాళ్ళూ ఎలా భరించిందో. మళ్ళీ చెయ్యి తీసి ఇంకాసేపు విన్నాను.

డిసెంబరు 9, మంగళవారం

మందుల షాపుకి వెళ్ళాను. అందరికీ చెప్పాను కానీ, చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. ఇన్నాళ్ళూ రోడ్డు ఇవతలి నుంచే చూసి వెనక్కి వచ్చేశాను.

షాపులో ఎవరూ లేరు. పిచ్చుక కౌంటరు లోపల మందుల అట్టపెట్టె మీద కూర్చుని ఖాళీ మాత్రల రేకులు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. నన్ను చూసి లేవలేదు. నేను ఆ అమ్మాయితో ఉన్నదున్నట్టు చెప్పాను. అలారం మోగింది, నాకు చెవులు వినపడవు, మోగలేదని మీతో అన్నది అబద్ధం.

ఆమె, మీరు అబద్ధమాడతారని అనుకోలేదు ఆంటీ అంది. ఇది కూడా ఆ రోజు నుంచి అబద్ధాలే చెప్తోంది, అమ్మమ్మని అడిగే వచ్చాను అంటోంది, అబద్ధమాడొద్దని కొట్టాను కూడా, అయినా అదే మాట, మొండి అంది.

పిచ్చుక పెట్టె మీద నుంచి దిగింది. కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి నా మోచెయ్యి లాగింది.

"అమ్మ దగ్గరికి వెళ్ళనా అని అడిగాను కదా అమ్మమ్మా. నువ్వు సరే తల్లీ అన్నావు."

ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదలు. సన్నగా, కాస్త ముక్కుతో కలిపి, ప్రతి మాటా విడివిడిగా పలుకుతుంది. నా పక్కన వచ్చి నిలబడింది, తల నిమిరాను అని ఆ రోజు ఇందులో రాసుకున్నాను. తల నిమిరి సరే తల్లీ అన్నాను. అనే ఉంటాను. రోజూ అనే మాటే అది.

"పాప నిజం చెప్తోందమ్మా" అన్నాను. "అడిగింది. నేనే వెళ్ళమన్నాను."

ఆ అమ్మాయి వంగి పాపని దగ్గరికి లాక్కుంది. అప్పుడే ఎవరో దగ్గు మందుకి వచ్చారు. ఒక చేత్తో పాపని పట్టుకునే, రెండో చేత్తో సీసా తీసి ఇచ్చింది. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చినప్పట్నుంచీ ఒకటే ఆలోచన. ఈ ఏడాదిగా ఎన్ని సరేలు అన్నానో. ఆకలేస్తోంది అని ఉంటారు. వాడు కొరికాడు అని ఉంటారు. భయమేస్తోంది అని, అమ్మ ఎప్పుడొస్తుంది అని. అన్నిటికీ నవ్వి, సరే తల్లీ, సరే నాన్నా అన్నాను. పిల్లలు నెమ్మదించారని మురిసిపోయాను. వాళ్ళు నెమ్మదించలేదు, చెప్పి చెప్పి విసిగిపోయారు. నాకు సిగ్గుగా ఉంది. రాసినా తగ్గడం లేదు.

డిసెంబరు 11, గురువారం

క్రెష్ మళ్ళీ తెరిచాం. వచ్చింది కొద్దిమందే. వదిన మిషను పెరటి తలుపు పక్కన వేసుకుంది. తాళం చెవి ఆవిడ మెడలో టేపుతో పాటే వేలాడుతోంది.

పిల్లలు ఇంత గోల చేస్తారా! చెవులు తీసి డబ్బాలో పెట్టేద్దామా అనిపించింది. పెట్టలేదు.

డిసెంబరు 15, సోమవారం

పొద్దున్న మందుల షాపు అమ్మాయి పిచ్చుకని తీసుకుని వచ్చింది. లోపలికి వచ్చి ముందు గేటు తాళం చూసింది, వదినని చూసింది, నా చెవులు చూసింది. మీ దగ్గరికే వస్తానని ఏడుస్తోంది ఆంటీ, ఇవాళ్టికి ఉంచుతాను, రేపటి సంగతి రేపు చూద్దాం అంది. అంతకన్నా నేను అడగలేను. సరేనన్నాను.

పిచ్చుక వచ్చిన దగ్గర్నుంచీ మాట్లాడుతూనే ఉంది. గోడతో మాట్లాడుతుంది, గ్లాసుతో మాట్లాడుతుంది, వదిన మిషను తొక్కుతుంటే దాని కింద కూర్చుని దానితో మాట్లాడుతుంది. వాళ్ళింట్లో ఆ పేరు ఊరికే పెట్టలేదు.

మధ్యాహ్నం నిద్రలేచే వేళ ఇల్లంతా కేకలు. ఇద్దరు బొమ్మ కోసం కొట్టుకుంటున్నారు, మిషను తిరుగుతోంది, ఎవరో గ్లాసు నేలకేసి కొడుతున్నారు. ఈ యంత్రాలతో అదో చిక్కు, అన్ని శబ్దాలూ ఒకేసారి మీద పడతాయి. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. పిచ్చుక వచ్చి మోచెయ్యి లాగింది. పెదాలు కదిలాయి. మాట ఆ గోలలో కలిసిపోయింది.

సరే తల్లీ అని నాలుక చివరికి వచ్చేసింది. నవ్వు కూడా మొహం మీదికి వచ్చేసింది. దుప్పటి కింద పెట్టేసి, కింద కూర్చున్నాను.

"నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాను.

చెప్పింది. అప్పుడూ వినపడలేదు. మళ్ళీ అడిగాను. పిచ్చుక నిట్టూర్చి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని చూసుకుని, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. పక్క తడిపేసిందట. ఎవరికీ చెప్పొద్దట.

సరే తల్లీ అని, దుప్పటి మార్చడానికి లేచాను.